గింజలున్న టమాటా

టమాటాలో గింజలున్నాయని మా ఆవిడ ఏడ్చింది.

ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. నేనూ నవ్వాను. శనివారం సాయంత్రం క్లినిక్ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, "టమాటాలో గింజలు కాక ముత్యాలుంటాయా?" అన్నాను. ఆమె బూట్లు కూడా విప్పకుండా సోఫాలో కూర్చుని ఉంది. తలెత్తి నా వైపు ఒక చూపు చూసింది. నా నవ్వు సగంలోనే ఆగిపోయింది. అప్పుడే చూశాను, ఆమె చెంపలు తడిగా ఉన్నాయి.

నేను దంతవైద్యుణ్ణి. రోజుకి రెండుసార్లు బ్రష్ చేసుకుంటున్నామని నా మొహం మీదే అబద్ధాలాడే జనంతో వేగి వేగి నాకు కాస్త ముక్కుమీద కోపం, కాస్త ఎకసెక్కం అలవాటయ్యాయి. మా ఆవిడది అందుకు పూర్తిగా వేరే లోకం. ఆమె మొక్కల జన్యువుల మీద పరిశోధన చేస్తుంది. ఊరి చివర పెద్ద ఆవరణలో గాజు గదులున్నాయి, అక్కడే ఆమె టమాటా మొక్కలుంటాయి. వాటి సంగతులు అన్నం తినేటప్పుడు చెబుతూ ఉంటే నాకూ, మా అమ్మకీ కొంత వంటబట్టింది.

టమాటా పువ్వు మహా గారాబంది. ఎండ ముదిరితే చాలు, లోపలి పుప్పొడి చచ్చిపోతుంది. పుప్పొడి అందకపోతే పిందె కట్టదు, పువ్వు రాలిపోతుంది. నిజానికి పువ్వు అడుగున పిందె ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుందట. ఒక జన్యువు మాత్రం దాన్ని పట్టి ఆపుతుంది, పుప్పొడి వచ్చి తగిలేదాకా ఎదగొద్దని. మా ఆవిడ ఆ జన్యువులో ఒక ముక్క కత్తిరించింది. ఆపేవాడు లేకపోయేసరికి, పుప్పొడి వచ్చినా రాకున్నా పిందె తన మానాన తను కాయ అయిపోతుంది. అలా కాసిన కాయలో గింజ ఉండదు. పుప్పొడి లేకుండానే కాసిందనడానికి గింజ లేకపోవడమే సాక్ష్యం.

ఇదంతా విన్న రోజు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "మొగుడి అవసరం లేని మొక్కని తయారుచేస్తోందిరా నీ పెళ్ళాం. ఎందుకైనా మంచిది, నువ్వు కాస్త అణకువగా ఉండు" అంది. మా ఆవిడ పక్కగదిలోంచి విని పడీ పడీ నవ్వింది.

రుజువు కోసం ఆమె చేసే పని చూస్తే నాకే కళ్ళు తిరుగుతాయి. మొగ్గ విచ్చుకోకముందే దాన్ని మెల్లగా తెరిచి, లోపలున్న పుప్పొడి తిత్తుల్ని పీకెయ్యాలి. పువ్వు గుండె మాత్రం చెదరకూడదు. నా క్లినిక్‌లో పాతబడిన సన్నటి పట్టకార్లు ఆ పనికే ఇచ్చాను. "నువ్వు నొప్పొచ్చాక పీకుతావు, నేను పుప్పొడి రాకముందే పీకుతాను" అని నన్ను ఆటపట్టించేది. అలా వందల మొగ్గలు ఒలిచింది. అవన్నీ కాయలయ్యాయి. ముందు కోసి చూసిన కాయలు వేటిలోనూ గింజ లేదు. బుధవారం కమిటీ వస్తోంది. వాళ్ళు సరే అంటే మొక్కలు గాజు గదిలోంచి బయట పొలంలోకి వెళతాయి.

అలాంటి సమయంలో, కమిటీకి చూపించడానికి ఫొటో తీద్దామని శనివారం ఒక ఎర్రటి పండు కోసింది. లోపల శుభ్రంగా పండిన గింజలు.

"ఒక్క కాయే కదా" అన్నాను పక్కన కూర్చుంటూ. "పక్కన పడేస్తే పోలా?"

పెద్దవాళ్ళ ముందు ఆమె నన్ను 'మీరు' అంటుంది. కోపం వస్తే అమ్మ ఉన్నా సరే 'నువ్వు'లోకి దిగుతుంది.

"ఎక్స్‌రేలో పుచ్చు కనిపిస్తే నువ్వు చూడనట్టు వదిలేస్తావా?"

నేను లేచి మంచినీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"గింజుందంటే పుప్పొడి తగిలిందన్నమాట" అంది, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "నేను ఒలవడంలోనే ఎక్కడో తిత్తి మిగిలిపోయుంటుంది. ఒకదాన్లో మిగిలితే మిగతావాటిలో మిగల్లేదని ఎవరు నమ్ముతారు? ఇన్నేళ్ళూ నేను చెప్పుకొచ్చిందంతా నా చేతగానితనం అయిపోతుంది. మొక్కలన్నీ పీకి ఆవిరి యంత్రంలో పెట్టేస్తారు."

ఆ యంత్రాన్ని నేనూ చూశాను. మా క్లినిక్‌లో పనిముట్లు ఉడకబెట్టే పెట్టెకి పెద్దన్న లాంటిది. ప్రయోగం ముగిసిన మొక్కలు బయటి మట్టిలో కలవకూడదు కాబట్టి దాన్లో పెట్టి ఉడికించి పారేస్తారు. తన చేత్తో పెంచిన మొక్కల్ని తనే దాన్లోకి తోసే దృశ్యం ఆమె కళ్ళ ముందు ఆడుతోందని అర్థమైంది. నాకు చాలా భయం వేసింది. నా పెళ్ళాం గట్టి మనిషి. ఆమె బెదిరిపోతే ఇంట్లో అందరికీ కాళ్ళు చల్లబడతాయి.

ఎవరూ అడక్కముందే ఆమె ఫోన్ తీసి పెద్దసారుకి చేసింది. పెద్దసారంటే ఆ కేంద్రానికి పెద్దదిక్కు. జన్యువుల్ని కత్తిరించడం ఎవరికీ తెలియని రోజుల్లో, పువ్వుకి పువ్వు కలిపి కొత్త టమాటా రకాలు తీసిన మనిషి. ఆయన గొంతు ఫోన్లోంచి హాలంతా వినిపించింది.

"దాచకుండా చెప్పావు, సంతోషం. కానీ కారణం తెలియని ఫలితం నేను ఒప్పుకోనమ్మా. రేపు ఆదివారమే కదా, అన్ని కాయలూ కోసి చూద్దాం, నేనూ వస్తాను. తేలిందా సరేసరి. తేలకపోతే బుధవారం వాళ్ళడక్కముందే మనమే చెప్పేద్దాం, ఇంకా రుజువు కాలేదని."

"అలాగే సార్" అంది ఆమె.

అమ్మ కంచం పెట్టి, పక్కన నిలబడింది. "నువ్వు పస్తుంటే టమాటాలకేం తెలుస్తుంది అమ్మాయ్? తిను. రేపు కత్తి పట్టుకోవడానికైనా ఒంట్లో ఓపికుండాలిగా."

"తింటాను అత్తయ్యా" అంది కానీ మెతుకులు లెక్కపెడుతూ కూర్చుంది.

మర్నాడు పొద్దున నేనూ వెంట వెళ్ళాను. సెలవురోజు మనుషులు లేరు, కోసే చేతులు ఎక్కువైతే పని త్వరగా అవుతుందని పెద్దసారే రమ్మన్నారట. నాకు ఒక తెల్లకోటు ఇచ్చారు. అది నా క్లినిక్ కోటుకన్నా శుభ్రంగా ఉంది.

లోపలికి వెళ్ళాలంటే ముందు ఒక గాజు గది దాటాలి. అందులో మామూలు టమాటా మొక్కలున్నాయి, పోల్చి చూడటానికి. అవన్నీ పెద్దసారు వయసులో ఉండగా తీసిన పాత రకం. తేనెటీగలూ గాలీ లేని గదిలో మామూలు టమాటా పువ్వుని ఎవరో ఒకరు కదిపితే గానీ పుప్పొడి రాలదు. ఆ పనికి నేనిచ్చిన బ్యాటరీ టూత్‌బ్రష్ ఒకటి దారం కట్టి మేకుకి వేలాడుతోంది. దాన్ని ఆన్ చేసి పువ్వు కాడకి ఆనిస్తే చాలట. ఆ గది చివర రెండు తలుపులు. వాటి మధ్య ఇరుకు జాగాలో కోటు మార్చుకుని, మందునీళ్ళ పళ్ళెంలో బూట్లు ముంచుకుని అవతలికి వెళితే మా ఆవిడ గది.

ముగ్గురం బల్ల చుట్టూ కూర్చుని కాయలు కొయ్యడం మొదలుపెట్టాం. ఆమె ఒక్కో కాయా ఏ మొక్కదో, ఏ వైపుదో చెబుతూ తెచ్చి ఇస్తోంది. గింజలు లేని టమాటాని మీరెప్పుడైనా చూశారా? పళ్ళు రాని పసిపాప చిగుళ్ళలా లోపలంతా నున్నగా ఉంటుంది. మొదటి కాయ నున్నగా ఉంది. రెండోదీ అంతే. కత్తి దిగిన ప్రతిసారీ ఆమె ఊపిరి బిగపట్టడం, నున్నటి కండ కనిపించగానే వదలడం నాకు వినిపిస్తోంది. చాలాసేపు అన్నీ అలాగే వచ్చాయి. హమ్మయ్య, ఆ ఒక్క కాయే ఏదో గాచారం బాగాలేక, అని నేను లోలోపల అనుకుంటున్నానో లేదో, పెద్దసారు కత్తి పక్కన పెట్టి, "ఇదిగోనమ్మా" అన్నారు. గింజలు.

మధ్యాహ్నానికి అలాంటివి పది దాకా తేలాయి. అన్నీ నడిచే దారి పక్కన ఉన్న మొక్కలవే. లోపలి వరసల్లో ఒక్కటీ లేదు.

"దారి పక్కవి నేను సాయంత్రాలు ఒలిచాను" అంది ఆమె. "కళ్ళు లాగేస్తున్నా, ఇంకో నాలుగు ఒలిచి పోదామని కూర్చునేదాన్ని. నా చెయ్యే తప్పింది సార్."

పెద్దసారు ఒక గింజని కత్తి మొనతో పక్కకి తీశారు. "గింజనే అడుగుదాం" అన్నారు.

గింజని అడగడమంటే ఏమిటో నాకు తర్వాత చెప్పింది. గింజలోని పిల్లమొలకని సూదితో బయటికి తీసి, నలిపి, దాన్లోంచి ఆ ఒక్క జన్యువుని పట్టి యంత్రంలో కోట్లరెట్లు పెంచుతారు. తర్వాత దాన్ని పలచటి జెల్లీ ముక్కలో పోసి కరెంటు పెడితే పొట్టి ముక్క ముందుకు పరిగెడుతుంది, పొడుగు ముక్క వెనకబడుతుంది. మా ఆవిడ కత్తిరించిన జన్యువు పొట్టిది. మామూలు మొక్క జన్యువు పొడుగుది. గింజకి తల్లీ తండ్రీ ఆమె మొక్కే అయితే ఒక్క గీత కనిపిస్తుంది, పొట్టిది. అంటే తిత్తి మిగిలిపోయింది, ఆమె చెయ్యే తప్పింది. తండ్రి బయటివాడైతే రెండు గీతలు కనిపిస్తాయి.

యంత్రం పని చేస్తున్నంతసేపూ మేం వరండాలో కూర్చున్నాం. అమ్మ ఫోన్ చేసింది. విషయం చెప్పాను.

"అంటే రెండు గీతలు రావాలన్నమాట" అంది అమ్మ. "ఈ వయసులో మన ఇంట్లో రెండు గీతల కోసం దేవుడికి మొక్కుకోవాల్సి వస్తుందనుకోలేదురా."

ఫోన్ ఆమెకీ వినిపించేలానే పెట్టి ఉంచాను. పొద్దుట్నుంచి మొదటిసారి ఆమె పెదవి కొంచెం కదిలింది.

జెల్లీ ముక్కని నీలిలైటు మీద పెట్టేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది. చీకటి పెట్టెలోకి ముగ్గురం తలలు దూర్చాం. ఒక చివర తల్లి మొక్కది, ఒక్క గీత. దాని పక్కన పాత రకానిది, అదీ ఒక్కటే, కాస్త పైన. ఆ తర్వాత వరసగా గింజలు.

రెండు. రెండు. రెండు. అన్నిటికీ రెండేసి గీతలు.

ఆమె గోడకి జారగిలబడి నేల మీద కూర్చుండిపోయింది. "నా చెయ్యి తప్పలేదు" అంది. "తప్పలేదండీ!" అని మళ్ళీ 'మీరు'లోకి వచ్చి, నవ్వుతూ ఏడ్చింది. నా గుండెల మీంచి బండ దిగిపోయింది. ఏం చెయ్యాలో తెలియక ఆమె పక్కనే నేల మీద నేనూ కూర్చున్నాను. తెల్లకోటు మాసిపోతుందని కూడా తోచలేదు.

పెద్దసారు మాత్రం పెట్టెలోంచి తల తియ్యలేదు. "బాగుందమ్మా. తండ్రి పక్కగదివాడు, నా రకం. కానీ రెండు తలుపులు దాటి ఎలా వచ్చాడు? ఆ సంగతి తేలకపోతే కమిటీ ఏమంటుందో నాకు తెలుసు. పుప్పొడి అన్నిటికీ తగిలిందేమో, కొన్నిట్లో గింజ కట్టింది, కొన్నిట్లో కట్టలేదు అంతే, నీ కత్తిరింపు గొప్పేముంది అంటారు. నేనైనా అదే అంటాను."

దిగిన బండ మళ్ళీ సగం ఎక్కింది. ఆయన మీద నాకు ఒళ్ళు మండింది కానీ ఆయన మాటలో తప్పు లేదని నాకే తెలుస్తోంది.

మళ్ళీ వెతుకులాట మొదలైంది. తలుపు సందుల్లో వేలు పెట్టి చూశారు. ఫ్యాన్లు చూశారు. తేనెటీగ ఏదైనా దూరిందా అని మూలలన్నీ వెతికారు. నా బ్రష్‌ని ఎవరైనా అవతలి గదిలోకి తీసుకెళ్ళారా అని ఆయన అడిగినప్పుడు, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేనే ఉలిక్కిపడ్డాను. దారం కట్టే ఉంది కదా, ఎవరు తీసుకెళతారు అంది ఆమె. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఎండ వాలింది. ఇక రేపు చూద్దామని బయల్దేరాం.

పాత రకం గదిలోంచి ముందు పెద్దసారు, వెనక మేము నడుస్తున్నాం. ఆయన తేనెటీగ ఎంత సందులోంచి దూరగలదో చెబుతున్నారు. పడమటి గాజులోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆయన కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది. ఒక పూలగుత్తి దగ్గరికి రాగానే ఆ చేతి మధ్యవేలు బొటనవేలి మీంచి టప్‌మని దూకి పువ్వు కాడని కొట్టింది. ఎండలో పసుప్పచ్చటి పొడి సన్నగా లేచింది. రెండడుగులు వేశారు. టప్. ఇంకో గుత్తి. టప్. మాట మాత్రం ఎక్కడా తెగలేదు. మొహం మా వైపు తిప్పి తేనెటీగ నడుము కొలత చెబుతున్నారు.

నా దగ్గరికి పళ్ళు కొరుక్కునే పేషెంట్లు వస్తారు. అరిగిపోయిన పళ్ళు అద్దంలో చూపించినా, నేను కొరకనండీ, నాకలాంటి అలవాటే లేదండీ అంటారు. అలా అంటూనే కొరుకుతారు. అబద్ధం కాదు, వాళ్ళకి నిజంగా తెలియదు. మా ఆవిడ ఆయన్ని ఏళ్ళతరబడి చూస్తోంది కాబట్టి ఆ వేలు ఆమెకి ఆయన కళ్ళజోడుతో సమానం, కంటికి ఆనదు. నేను కొత్తవాణ్ణి.

"సార్, ఆగండి!" అని అరిచాను. పెద్దవాళ్ళతో అలా అరవకూడదని తెలుసు. "మీ చెయ్యి!"

ఆయన ఆగారు. వేలు అప్పటికే ఇంకో కాడ మీద ఉంది. దాని వైపు, ఎవరి వేలో అన్నట్టు చూసుకున్నారు.

"నేను... ఇలా చేస్తానా?"

మా ఆవిడ నోరు తెరుచుకుంది. ఆమె బుర్రలో గిర్రున తిరుగుతున్నది నాకు కనిపిస్తూనే ఉంది.

"సార్, మీరు మా గదిలోకి ఎప్పుడొస్తారు?"

"రోజూ పొద్దున్నే, నువ్వు రాకముందు. నీ పిందెలు ఒక్క చుట్టు చూడకపోతే నాకు కాఫీ దిగదమ్మా." ఆయన గొంతు మెల్లగా తగ్గింది. "కోటు మారుస్తాను. బూట్లు ముంచుతాను. గ్లవ్స్ వేసుకోను, ఆకు స్పర్శ తెలియదని."

"చెయ్యి కడుక్కోకండి!" అంటూ ఆమె పరిగెత్తుకెళ్ళి అంటించే టేపు తెచ్చింది. పాపం పెద్దాయన బుద్ధిగా వేలు చాపి నిలబడ్డారు. టేపు వేలికి అంటించి తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. నన్నూ చూడమంది. గుండ్రటి పుప్పొడి రేణువులు కుప్పలుగా ఉన్నాయి.

"కుడిచెయ్యి" అంది ఆమె ఉన్నట్టుండి. "సార్, మీరు దారిలో ఎటువైపు నుంచి వెళతారు?"

ముగ్గురం మళ్ళీ అవతలి గదిలోకి వెళ్ళాం. ఆయన కుడిచేతిని కోటు జేబులో పెట్టుకుని, ఎడమచేత్తో ఆ జేబుని పట్టుకుని మరీ నడిచారు. లోపలి చివరిదాకా వెళ్ళి పక్క తలుపులోంచి బయటికి పోతారట, వెనక్కి రారట. గింజలున్న కాయలన్నీ ఆ దారికి కుడివైపు కొమ్మలవి. ఆయన చెయ్యి వేలాడే ఎత్తులోవి. ఎడమవైపు ఒక్కటి లేదు, పైనా లేదు, కిందా లేదు. చెయ్యి అందని చోట పుప్పొడి పడలేదు, అయినా కాయ కాసింది. మా ఆవిడ చెప్పినదానికి ఇంతకన్నా గట్టి రుజువు ఆమె కూడా ఎప్పుడూ చూపించలేదు.

పెద్దసారు బోర్లించిన కుండీ మీద కూర్చున్నారు. "కంచే చేను మేసిందమ్మా" అన్నారు. "నిన్నటి నుంచీ నిన్ను ఎంత ఏడిపించాను!"

"అయ్యో, ఊరుకోండి సార్" అని ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఆగదే! ఆయనా నవ్వారు. కళ్ళు తుడుచుకుంటూ ఆ వేలి కథ చెప్పారు. ఆయన రకం రుచికి పెట్టింది పేరట. కానీ ఎండకి ఆగదు. ఎండాకాలం వస్తే తోటలో వరసల వెంట తిరుగుతూ ప్రతి పువ్వునీ వేలితో తట్టేవారట, కాస్త పుప్పొడైనా రాలి ఒక్క పిందైనా నిలబడుతుందేమోనని. "పిందె నిలబడలేదు. అలవాటు మాత్రం నిలబడిపోయింది" అన్నారు. రైతులు ఒక్కొక్కరే ఆ రకాన్ని వదిలేశారు. ఇప్పుడది ఈ గాజు గదిలో, పోల్చి చూడటానికి మాత్రమే మిగిలింది.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆవిడ కంచం ఖాళీ చేసి రెండోసారి వడ్డించుకుంది. అమ్మ కథంతా విని, "చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికారన్నమాట" అంది. "అవును గానీ అమ్మాయ్, పెద్దమనిషిని అందరి ముందూ చిన్నబుచ్చకు."

ఆమె ఎవరినీ చిన్నబుచ్చలేదు. బుధవారం కమిటీ కూర్చోగానే పెద్దసారే ముందు లేచి, వేలెత్తి చూపించి, "ముద్దాయి ఇదిగో" అని మొదలుపెట్టారట. అంతా విన్నాక వాళ్ళు అడగాల్సిన ప్రశ్నలన్నీ వదలకుండా అడిగారు. మధ్యాహ్నం నేను ఒకాయన దవడపన్నుతో కుస్తీ పడుతుండగా ఫోన్ మోగింది. "పొలంలోకి వెళ్ళొచ్చన్నారు" అంది. నాకు కళ్ళు మసకబడ్డాయి. నోరు తెరుచుకుని పడుకున్న పేషెంటు నా కన్నీళ్ళు చూసి, తన పన్ను సంగతి అంత ఘోరమా అని హడలిపోయాడు. ఆయన్ని సముదాయించడానికి కాసేపు పట్టింది.

ఆ గింజల్ని పారెయ్యలేదు. "నా మనవలమ్మా అవి, ఉడకబెట్టకు" అని పెద్దసారు అడిగి మరీ నాటించారు. మొదటి తరంలో ఏ విశేషమూ లేదు, అన్నీ పుప్పొడి కోసం ఎదురుచూసే మామూలు మొక్కలే. రెండు వైపులా పొట్టి జన్యువే అందిన మొక్క రెండో తరంలోనే పుడుతుందని, వాటి గింజల్ని మళ్ళీ నాటారు. ఆ మొక్కలు పూతకొచ్చే వేళకి ఎండలు మండిపోతున్నాయి.

ఒకరోజు మా ఆవిడ రమ్మంటే వెళ్ళాను. పెద్దసారుకి నా క్లినిక్ నుంచి గ్లవ్స్ డబ్బా ఒకటి తీసుకెళ్ళాను, ఎకసెక్కానికే. ఆయన తీసుకోలేదు. అక్కర్లేదన్నట్టు తల ఊపారు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, కుడిచేతి మణికట్టుని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, గాజు గదిలో వేడికి చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నారు. చుట్టూ చాలా మొక్కల కింద రాలిన పూలు. ఆయన ముందున్న మొక్క కింద మాత్రం నేల శుభ్రంగా ఉంది. కొమ్మకి గుత్తిగా పిందెలున్నాయి. ఆకు చూస్తే ఆయన పాత రకం ఆకే.

"డాక్టరుగారూ, మీరు చూశారుగా" అన్నారు, నా వైపు తిరక్కుండానే. "ఈసారి నేను ముట్టుకోలేదు."

చూశానన్నాను. ఆయన ఇంకా చెయ్యి వదల్లేదు.